రిబ్కమ్మ యిచ్చిన గడువు

కార్తికమాసారంభమున ప్రచండవాతాహతమై మూడహోరాత్రములు తల్లడిల్లిన గోదావరీతీర సమతలభూమి నాలుగవనాటి ప్రభాతవేళ నలసి నిదురించి లేచిన బాలింతవలె ప్రశాంతమై కన్నులు దెరచెను. అవిరత ధారాపాత క్షాళితమైన గగనము నీలమణి ఫలకమువలె నిర్మలమై యొప్పారుచుండ నుదయభానుని కోమలకిరణములు దరుల నొరసి పారు కాలువనీటిపై బంగరు రేకులు పరచుచుండెను. కంకులబరువునను గాలిపోటునను నేలవ్రాలిన వరిచేల గట్లపై తెల్లని కొంగలు బారులు దీరి తమ యాహారమును నెమకికొనుచుండెను. తలలు విరిగిన తాటిచెట్లును కప్పులెగిరిన గుడిసెలును గడచిన యుత్పాతమును జ్ఞప్తికి దెచ్చుచుండినను ఏ ముంగిట జూచినను పొయ్యి రాజవేయు స్త్రీలయు త్రాళ్లు పేనుకొను పురుషులయు మాటల సవ్వడి వినవచ్చుచు బ్రదికి బయటపడినవారి సంతోషమును వెల్లడించుచుండెను.

అట్టి ప్రభాతమున నేలపర్రు గ్రామపు క్రైస్తవపేటలో ప్రార్థనామందిరపు గోడయెక్కి కూలిన దూలమును దడవి చూచుచు ముప్పదియారేండ్ల పురుషుడొకడు నిలిచియుండెను. తాటాకు కప్పు సమస్తము నెగిరిపోయి మందిరము మొండిగోడలతో నాకసమును జూచుచుండెను. ఆ పురుషుడే యా సంఘమునకు గురువైన కృపావరమయ్యగారు.

పడుచుతనమున నాతడు పట్టణమున నొక కచేరియందు గుమాస్తాగా నుండి యొకనాటి సాయంప్రార్థనయందు దేవుడు తన్ను బేరుపెట్టి పిలిచినట్లు హృదయాంతరమున స్పష్టముగా దోచుటచే నా యుద్యోగమును విడిచి వేదశాస్త్రము జదివి గురుపట్టము బొందెను. ఆ పిలుపు నిజమైనదే యనుటకు నాతని కెన్నడును సంశయము పుట్టలేదు. నేలపర్రునకు వచ్చిన క్రొత్తలో ప్రతిదినమును కోడికూతకు లేచి రెండు గడియలకాలము మోకాళ్లపై నుండెడివాడు. ఆ రెండు గడియలలో నాతడు బొందిన శాంతి దినమంతయు నాతని ముఖమున వెలుగై కనబడెడిది.

కాని పేటలో జంకక చదువను వ్రాయను నేర్చినవాడాతడొక్కడే. రంగూను మిల్లులకు గూలికిబోయిన మగవారి యుత్తరములు చదివి వారి భార్యల మాటలు బదులు వ్రాయవలెను. చలిజ్వరము వచ్చినవారికి క్వయినా మాత్ర లియ్యవలెను. గట్ల తగవులు దీర్పవలెను. కరణముగారికి అర్జీలు వ్రాయవలెను. పగలు పిల్లలకు బడి చెప్పవలెను. ఇవిగాక మందిరపు తాళము దీయుటయు గంట గొట్టుటయు దీపములు తుడుచుటయు నాతడే చేయుచుండెను. వీనిలో నొరులాతని నెత్తికెత్తినవి కొన్నియే. అనేకము తానే యెత్తుకొన్నవి. వేరొకడు గంట గొట్టిన వేళ దప్పుననియు వేరొకడు చిమ్నీ తుడిచిన బగులుననియు నాతని భయము. ఇట్లు రెండు గడియల ప్రార్థన యొక గడియయై, యర గడియయై, తుదకు ముఖము గడుగుకొనుటకును గంజి త్రాగుటకును నడుమ నిలువుకాళ్లపై జెప్పుకొను నాలుగు మాటలయ్యెను. గడచిన మాసమున మూడేండ్ల క్రిందటి ప్రసంగమునే యాతడు మరల జెప్పెను. సంఘమువారు శ్రద్ధగా వినిరి. వారు గురుతింపలేదో గురుతించియు మర్యాదకై యూరకుండిరో యాతనికి దెలియలేదు. అడిగి తెలిసికొనుటకు ధైర్యము చాలలేదు.

ఆ దినమున బ్రొద్దు జామెక్కునంతలో సువార్తమ్మ యను స్త్రీ పరుగుపరుగున వచ్చి గోడక్రింద నిలిచి "అయ్యగారండీ, మా అమ్మకి బాగోలేదండి. తవరొచ్చి ఓ మాట ప్రార్థన చెయ్యాలండి" అని పిలిచెను.

సువార్తమ్మ తల్లి రిబ్కమ్మ. ఎనుబదియేండ్ల వృద్ధురాలు. ఆ పేటలో మొట్టమొదట బాప్తిస్మము బొందిన యింటి పిల్ల. భర్తను నిద్దరు కొడుకులను మట్టికప్పగించియు మందిరమున ముందు చాపను విడువనిది. అక్షరమెరుగనిదయ్యు వేదవాక్యములను లెక్కకు మిక్కిలిగా నోటికి జెప్పగలది; గురువు ప్రసంగమున నొక్క మాట దప్పినను పెదవి కదల్చి సవరించునది. ఎనిమిది దినములుగా జ్వరముచే దపించుచు రెండు దినములనుండి గంజియు ముట్టదయ్యెను.

కృపావరమయ్యగారు గోడ దిగి బురదకాళ్లతోడనే పోయి యామె మంచముచెంత మోకరించి కన్నులు మూసికొని ప్రార్థన మొదలిడెను. వేయిమారులు పలికిన మాటలగుటచే నాలుక తనంతట దాను నడచుచుండెను. మనస్సు మాత్రము మందిరపు గోడలపైననే తిరుగుచుండెను.

"ప్రభువా, నీ దాసురాలిని కరుణతో జూడుము. నీ రెక్కల నీడ నీమెను గప్పుము. కప్పుము తండ్రీ. ఈ కప్పునకు నాలుగు మోపుల ఆకు చాలదు, ఇంకను రెండు మోపులు..."

అంతట నాతని చెవికే యాతని మాట వినబడెను. నోరు నిలిచిపోయెను. సువార్తమ్మ తలయెత్తి చూచి మరల దించుకొనెను. మంచముపై నుడిగి మూసికొనియున్న వృద్ధురాలి కన్నులు మెల్లగా దెరచుకొనెను.

"అయ్యగారండీ, తవరింకా రాలేదండి" అని యామె హీనస్వరముతో ననెను.

"వచ్చితినమ్మా. నీ ప్రక్కనే యున్నాను."

"కాళ్లొచ్చాయండి. బురద కనపడతానే ఉంది. తవరు మటుకు మందిరం మీదే ఉండిపోయారు."

ఆమె మాటలో గోపము లేదు. జ్వరతప్తమైన చేతిని మెల్లగా జాచి యాతని మణికట్టుపై నుంచి యామె మరల నిట్లనెను: "నాకు పైనుంచి పిలుపొచ్చినట్టే ఉందండి. సాగనంపేవోరు లేకుండా ఎల్లడం నాకిష్టం లేదు. రేపు రండి. నేనాగుతాను."

సంతకు బోవునది పొరుగింటి దానితో జెప్పినట్లు సునాయాసముగా జెప్పి యామె కన్నులు మూసికొనెను. కృపావరమయ్యగారు లేచి వెలుపలికి వచ్చెను గాని యెట్లు వచ్చెనో యాతనికే తెలియదు. ఏ మరణశయ్యచెంత మనుష్యునకు గురువు తప్ప వేరొక తోడు లేదో యచ్చట దాను లేకపోయెను. పదునాలుగేండ్ల క్రిందట దన్ను బిలిచినవాడు దీనికొరకే కదా పిలిచెను. ఇప్పుడొక వృద్ధురాలు మృత్యువును ద్వారమున నిలిపి తనకు గడువిచ్చినది. ఆ గడువును జ్వరము మన్నించునో లేదో యెవరెరుగుదురు?

ఆ సాయంకాలమున నాతడన్నము ముట్టకుండుట జూచి భార్య లీదియమ్మ కారణమడిగెను. జరిగినదంతయు విని యామె ముందు కొంగు నోటికడ్డము పెట్టుకొనెను. భర్త ముఖమును జూచిన పిదప నామెకు నవ్వు రాలేదు.

"రేపు పొద్దున్నే ఎక్కడికైనా ఏకాంతానికి వెళ్లి ప్రార్థన చేసుకోండి. మందిరం పని ఫిలేమోనుగారికి అప్పజెప్పండి. ఆయన సంఘపెద్దే గదా" అని యామె యనెను.

"ఆతనికి కప్పు నడికొప్పు నిలుపుట తెలియదు. వంపు తప్పినచో నీరు లోపల దిగును."

"మీరు రాకముందు ముప్పై ఏళ్లు ఆ కప్పు ఎవరు వేశారండీ?"

కృపావరమయ్యగారు కంచము ప్రక్కకు జరిపెను. మందిరపు తాళపుచెవిని మాత్రము తన మొలనుండి తీయలేదు.

మరునాడు తెలవారకమునుపే యాతడు పేటకు గ్రోసెడు దూరమున మురుగుకాలువ యొడ్డునగల మొగలిపొదల మాటునకు బోయి తడియిసుకపై మోకరించెను. హృదయమును గ్రుమ్మరింపవలెనని వచ్చినవానికి గ్రుమ్మరించుటకు లోపల నేమియు గానరాలేదు. మాటలు వచ్చినవి గాని యవి నిన్నటి మాటలే. ఒక మాటవెనుక దూలము, వేరొక మాటవెనుక బడిపిల్లలు, మూడవదాని వెనుక మంచముపైనున్న వృద్ధురాలి శ్వాస. సూర్యుడు బారెడెక్కెను. ఆతని మోకాళ్లు నొచ్చెను, మనస్సు మెత్తబడలేదు.

అంతలో నడుగుల చప్పుడయ్యెను. తెల్లని గడ్డమును వెడల్పైన భుజములునుగల ఫిలేమోను తలపాగ చేతబట్టుకొని దూరమున నిలిచియుండెను. "క్షమించాలండి. పాత దూలమే ఎక్కించమంటారా, కొత్తది నరకమంటారా? పొద్దున్నుంచీ పన్నెండుమంది తవరి మాట కోసం ఊరికే కూచున్నారు."

"క్రొత్తది" అని యాతడు తలత్రిప్పకయే పలికెను. ఫిలేమోను తలపాగ చుట్టుకొని వెడలిపోయెను.

మరల గన్నులు మూసికొని యాతడు రెండు వాక్యములు చెప్పెనో లేదో పొదలు కదలినవి. దీనమ్మ యను పడుచుస్త్రీ యొడిలో నేమో పట్టుకొని వచ్చుచుండెను.

"ఇక్కడికిని వచ్చితిరా? దేవునితో నొక్క గడియ నన్ను మాటాడనీయరా?" అని కృపావరమయ్యగారు గట్టిగా నరచెను. నేలపర్రునకు వచ్చిన యారేండ్లలో నాతడట్లు ఒక స్త్రీపై కేకవేసి యెరుగడు.

దీనమ్మ నిలువున నిలిచిపోయెను. ఒడిలోనిది కొంగుతో గప్పుకొని వెనుదిరిగి గట్టువెంబడి నడచిపోయెను. ఆమె కొంగుచాటున గనబడినది యొక కాగితపు టంచు. ఉత్తరము! ఆమె భర్త సీలయ్య రంగూను పోయి రెండేండ్లు కావచ్చెను. మొదటి సంవత్సరము వచ్చిన యుత్తరములే గాని పదునాలుగు మాసములనుండి యొక్కటియు లేదు. ఆతడు మరణించెననియు మరియొకతెను గట్టుకొనెననియు పేటలో రెండు తెరగుల జెప్పుకొనుచుండిరి. ప్రతి శనివారమును దీనమ్మ గురువునొద్దకు వచ్చి యేమియు నడుగక నిలుచుండి పోవుచుండెను.

కృపావరమయ్యగారు గభాలున లేచి "దీనమ్మా! ఆగుము తల్లీ!" అని పిలుచుచు బరువెత్తెను. గట్టుపై రెండుమారులు జారి మోకాలికి దెబ్బ తగిలించుకొని యెట్టకేల కామెను జేరెను.

"ఎప్పుడు వచ్చినది?"

"నిన్న మాపటేలండి. తవరు దిగులుగా ఉన్నారని అమ్మగారన్నారు. పొద్దున్నే వద్దామని దిండుకింద పెట్టుకున్నాను." ఆమె యుత్తరమును జాచెను. "నాకు మంచివార్తో చెడ్డవార్తో తెలియాలండి. అంతేనండి. చదివేసి ఎల్లిపోండి."

ఆతడు గట్టుపైననే కూర్చుండి యామెను గూర్చుండుమని సైగచేసి యుత్తరము విప్పెను. ఎవరిచేతనో వ్రాయించిన పెద్ద పెద్ద యక్షరములు.

"నేను క్షేమము. మిల్లులో కాలుమీద బస్తాలు పడి యెముక విరిగి యాసుపత్రిలో బహుకాలముంటిని. వ్రాసిపెట్టువారు దొరకలేదు. దొరికినపుడు కుంటివాడనైతినని చెప్పుటకు సిగ్గువేసినది. ఇప్పుడు కర్రతో నడుచుచున్నాను. క్రిస్మసునకు ముందు వచ్చు స్టీమరులో కాకినాడ దిగుదును. పిల్లకు నడక వచ్చినదా?"

ఆతడొక్కొక్క మాటను నిలిపి నిలిపి చదివెను. దీనమ్మ మొదట నేమియు వినబడనట్లు కూర్చుండెను. కడపటి మాటకు ముఖమెత్తెను.

"నడకొచ్చిందా అని అడుగుతాడేంటండీ! ఊరంతా పరిగెడతా ఉంటేను!" అని యామె పకపక నవ్వి యా నవ్వులోననే వెక్కివెక్కి యేడ్చెను. ఉత్తరమును మరల జదివించుకొనెను. మూడవమారును జదివించుకొనెను. మూడుమారులును కృపావరమయ్యగారు తొలిమారువలెనే చదివెను.

ఆమె పేటవైపు పరువెత్తినపిదప గట్టుపై నొంటరిగా మిగిలిన యాతనికొక సంగతి మెల్లగా దెలియవచ్చెను. ఆ యుత్తరము చదివినంతసేపు దూలము జ్ఞప్తికి రాలేదు. తానును జ్ఞప్తికి రాలేదు. సముద్రమునకావల కర్రపట్టి నడుచు నొక మనుష్యుడును యీవల గట్టుపై నేడ్చు నొక స్త్రీయు మాత్రమే లోకమంతయు నిండియుండిరి. ఇప్పుడాతని పెదవులు తమంతట దామే కదలుచుండెను. "స్తోత్రము, తండ్రీ" అని యంతకు మించి యొక్క మాటయు లేదు. కాని యది పాతమాట కాదు. తెల్లవారినదాదిగా మొగలిపొదల మాటున వెదకినది యాతనికి బురదగట్టుపై దొరకెను.

అయినను మరియొకటియు నాతనికి స్పష్టమయ్యెను. ఉత్తరము తాను చదువవలసినదే. దూలము తాను మోయవలసినది కాదు. దీనమ్మ దేవునికడ్డము రాలేదు. తన మొలనున్న తాళపుచెవి యడ్డము వచ్చినది.

నేరుగా మందిరమునకు బోయి యాతడు తాళపుచెవిని ఫిలేమోను ముందుంచి "ఇదిగో. ఇది నీయొద్దనే యుండనిమ్ము. దూలము పాతదో క్రొత్తదో నీకు దోచినట్లు చేయుము. గంటయు దీపములును నీవు చెప్పిన వారు చూతురు" అనెను.

ఫిలేమోను చేతులు తలపాగతో దుడుచుకొని గాని తాళపుచెవి నందుకొనలేదు. "వంపు తప్పితేనోనండీ?"

"తప్పినయెడల వాన కురిసినపుడందరమును గలసి తడియుదము."

పన్నెండుమందియు నొక్కసారి నవ్విరి. ఫిలేమోను మాత్రము నవ్వక "ఆరేళ్లబట్టీ ఈ మాట ఎప్పుడంటారా అని చూస్తన్నామండి. తవరే అన్నీ చేసేస్తుంటే అడ్డొస్తే బాగోదని ఊరుకున్నాం" అని చెప్పి వెంటనే యటుదిరిగి "పాతదే ఎక్కించండ్రా! ఉక్కులా ఉంది!" అని కేకవేసెను. ఆ కేకలో నారేండ్ల నిరీక్షణ వినబడెను. భారముతో వంగియున్న తన భుజములు తేలికపడుట కృపావరమయ్యగారికి శరీరమునకే తెలిసెను.

ఆ తేలికతనముతో రిబ్కమ్మ యింటి సందు తిరిగెను. గుడిసె ముందర స్త్రీలు గుంపుగూడియుండిరి. గలభాగా మాటలు వినవచ్చుచుండెను. సువార్తమ్మ కొంగుతో గన్నులొత్తుకొనుచు వెలుపలికి వచ్చెను.

గడువు దాటిపోయెను! ఒక్క యుత్తరముకొరకు, ఒక్క తాళముకొరకు తాను జాగుచేసెను! ఆతడు వెదురుదడిని బట్టుకొని "ఎంతసేపైనదమ్మా?" అని యడిగెను.

"పొయ్యి రాజేసి అండీ? గంటయిందండి. తడిపుల్లలు, ఒకటే పొగ, కళ్లు మండిపోతన్నాయి" అని సువార్తమ్మ మరల గన్నులొత్తుకొనెను. "తెల్లారగట్ల చెమట పట్టి జ్వరం దిగిపోయిందండి. గంజి అడిగింది. ఇదిగో, నలుగురూ నాలుగు చెంబులు తెచ్చారు. ఎవరి గంజి తాగాలని తగువు."

కృపావరమయ్యగారు దడికి జేరగిలబడెను. ముందు నిట్టూర్చెను, పిదప నవ్వెను, నవ్వు నాపుకొనలేక యా దడిక్రిందనే కూలబడెను. స్త్రీలు చెంబులు చేతబట్టుకొని గురువున కేమైనదో యని వింతగా జూచిరి.

లోపల రిబ్కమ్మ గోడకు దిండువేసికొని కూర్చుండియుండెను. పుల్లవలె సన్నగిల్లిన ముఖమున గన్నులు మాత్రము చురుకుగా వెలుగుచుండెను. ఆమె యాతనిని నఖశిఖపర్యంతము పరికించి "కూచోండి" అనెను.

ఆతడు నేలపై గూర్చుండెను. వెంటనే ప్రార్థన మొదలిడలేదు. ఎట్లున్నదని యడిగెను. ఆమె తన పెద్దకొడుకు సంగతి చెప్పదొడగెను: ఏటి యొడ్డున బుట్టెననియు, మూడేండ్లకే పోయెననియు, వాని నవ్వు పోయినరాత్రి జ్వరములో వినబడెననియు. కథ తిన్నగా సాగక యెక్కడెక్కడికో తిరిగివచ్చుచుండెను. ఆతడు విని యడుగవలసినచోట నడుగుచు విడువవలసినచోట విడుచుచు నుండెను. పిమ్మట నామె చేతిని తన చేతిలోనుంచుకొని నాలుగు మాటల ప్రార్థన జేసెను. ఆ బిడ్డపేరు నందులో జెప్పెను.

రిబ్కమ్మ కన్నులు దెరచి "ఇప్పుడొచ్చారండి" అనెను. తరువాత బోసినోట నవ్వి "నేను మాత్రం ఎల్లలేదు చూడండి. ఆగుతానన్నానని ఆగితే బండి దాటిపోయినట్టుంది" అనెను.

అది మొదలు నేలపర్రు సంఘమున గంట వేరొకడు గొట్టుచుండెను; రెండు దినముల కొకనాడు వేళ దప్పుచుండెను. చిమ్నీలు రెండు పగిలెను. మాత్రలిచ్చుట లీదియమ్మ నేర్చుకొని భర్తకంటె బాగుగా నిచ్చుచుండెను. ఉత్తరములు మాత్రము కృపావరమయ్యగారు విడువలేదు. వేకువప్రార్థన మరల రెండు గడియలయ్యెనని చెప్పిన నసత్యమగును. కొన్నినాళ్లు రెండు, కొన్నినాళ్లు సగము. పిలుపు వచ్చిననాడు మోకాళ్లపైనుండి లేచిపోవుటకు నాతడు నొచ్చుకొనలేదు. పిలుపురాని నాడు లేచిపోవుటకు సాకు వెదకలేదు. ప్రసంగములందు దడబాటు పెరిగెను గాని పాతవి మరల రాలేదు.

రిబ్కమ్మ తరువాత మూడేండ్లు జీవించెను. మూడవయేటి కోతలదినములలో నొక పూర్వాహ్ణమున మందిరపు టరుగుపై కృపావరమయ్యగారు కొడవలితో దెగిన యొక కూలివాని పాదమును గడిగి కట్టుగట్టుచుండ నామె ప్రాణము మీదికి వచ్చినదని కబురువచ్చెను. కబురు దెచ్చిన స్త్రీ "ఆయన్ని పరిగెత్తించొద్దు, చేతిలో పని చూసుకుని రమ్మనండి అని చెప్పమందండి" అనెను. ఆతడు కట్టు ముడివేసి చేతులు గడుగుకొని వెడలెను. ఆతడు చేరునప్పటికి మంచముప్రక్కన ఫిలేమోను మోకరించియుండెను. పొలమునుండి వచ్చినవాడగుటచే నొంటినిండ గడ్డిదుమ్ము. ప్రార్థన జేయుట యలవాటులేని యా ముసలివాడు చేతులు జోడించి మాటమాటకు దడుముకొనుచు "అయ్యా, ఈవిడ మాది. ఇప్పుడు నీ దగ్గరకొస్తంది. జాగర్తగా చూసుకో" అని చెప్పి యంతకుమించి మాటలు దొరకక నిలిచిపోయెను. ఆ మాటలు చెవినబడుచుండగనే రిబ్కమ్మ శ్వాస యాగిపోయెను.

గదిలోనివారందరును గురువువైపు చూచిరి. ఇంక నాతడు చదువవలసిన వాక్యములును జేయవలసిన దీర్ఘప్రార్థనయు నున్నవని వారు కాచుకొనిరి. కృపావరమయ్యగారు ఫిలేమోను ప్రక్కన మోకరించి, ఆ దుమ్ముకొట్టుకొన్న భుజముపై చేయి వైచి, యాతడు విడిచినచోట "ఆమేన్" అని మాత్రము పలికెను.